కుట్టుపనికి నాలుగేళ్లా? అని నవ్వినవాళ్లకి

మొన్న మాఘమాసంలో మా తోటికోడలి వైపువాళ్ల పెళ్లికి వెళ్లాం. భోజనాల బంతిలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. వరసకి నాకు పెద్దత్తగారు. మాటల్లో మా అమ్మాయి సంగతి వచ్చింది.

"ఇంటరు అయిపోతంది కదా, తర్వాత ఏటి చదివిస్తారు?"

"డిజైన్ కోర్సు అంటోందండీ. ఫ్యాషన్ డిజైన్."

ఆవిడ పులిహోర ముద్ద ఆకులో పెట్టేసి నా వంక చూశారు. "ఏటమ్మా, దర్జీపని నేర్చుకోడానికి నాలుగేళ్లా? మా వీధిలో మూణ్ణెల్లలో నేర్పించేస్తంది ఒకావిడ. ఎంపీసీ చదివించి ఇదేటి పని?"

బంతిలో ఆ వరసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక రాత్రి నిద్రపట్టలేదు. ఆవిడ అన్నందుకు కాదు, నేను నవ్వినందుకు. నా కూతురు నా ఎదురుగానే కూర్చుని ఉంది. తలెత్తకుండా అన్నం కలుపుకుంటోంది.

ఇంకో విషయం. ఆవిడ చేతికి ఆ రోజు మా ఊరి లక్క గాజులున్నాయి. పట్టుచీర అంచు రంగుకి సరిగ్గా సరిపోయేలా ఏరుకుని మరీ వేసుకున్నారు. "మీ ఊరివేనమ్మా, ఎంత బాగున్నాయో" అని అంతకు ముందే నాకు చూపించారు కూడా. ఆ గాజులు ఏరుకున్నప్పుడు తను చేసిన పని పేరేమిటో ఆవిడకి తెలియదు. తెలిసుంటే ఆ మాట అని ఉండేవారు కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆవిడ మీద కోపంతో కాదు. ఆ మాట మనందరి ఇళ్లలోనూ ఉంది కాబట్టి.

మా ఊరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. వరాహ నది పక్కన ఏటికొప్పాక, లక్క బొమ్మల ఊరు. 2017లో మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో మా ఊరి సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మా బొమ్మలతోనే కదిలింది, శకటాల్లో మూడో బహుమతి కూడా తెచ్చుకుంది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని అందరం చప్పట్లు కొట్టాం. ఢిల్లీ వీధిలో వెళితే అది కళ. మన ఇంటి పిల్ల అదే చదువుతానంటే దర్జీపని. ఇదెక్కడి న్యాయం?

డిజైన్ పుస్తకం ఏది తెరిచినా మొదటి పేజీల్లోనే రెండు పట్టికలుంటాయి. మా అమ్మాయి పుస్తకంలో నేనూ చదివాను. మొదటిది మూలాంశాలు, అంటే సరుకులు: గీత, ఆకారం, రంగు, స్పర్శ. స్పర్శ అంటే బట్ట చేతికి ఎలా తగులుతుంది, కంటికి గరుగ్గా కనిపిస్తుందా నున్నగానా అన్నది. రెండోది సూత్రాలు, అంటే ఆ సరుకుల్ని కలిపే పద్ధతి: సమతూకం, నిష్పత్తి, లయ, ప్రాధాన్యం, పొందిక. ఇంతే. వంటతో పోల్చుకుంటే ఉప్పు, కారం, పులుపు, తీపి మొదటి పట్టిక. ఏది ఎంత, ఏది ముందు, ఏది వెనక అన్నది రెండోది. సరుకులందరి ఇంట్లోనూ ఉంటాయి. వంట అందరికీ ఒకేలా కుదరదు కదా.

చదువుతుంటే ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మా వీధి చివర బొమ్మలు చేసే చిన్నాన్న ఒకాయనున్నారు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆయన పని చూస్తూనే ఉన్నాను. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. దాన్ని బాగా ఆరబెట్టి, లేత్ మిషన్‌కి బిగించి, తిరుగుతుండగా ఉలితో చెక్కుతారు. రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే కర్రకి ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి మెరుపు వస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. తిరిగే కర్ర మీద గుండ్రం తప్ప ఇంకోటి రాదు. మూల రాదు, పలక రాదు. ఎటు చూసినా సమంగానే ఉంటుంది. అంటే సమతూకం మిషనే ఇచ్చేస్తుంది. మరి బొంగరానికీ కుంకుమ బరిణెకీ, మంచి బరిణెకీ మామూలు బరిణెకీ తేడా ఎక్కడ వస్తుంది? మెడ ఎక్కడ సన్నబడాలి, పొట్ట ఎంత ఉబ్బాలి, మూత ఎంత ఎత్తుండాలి, ఎర్ర గీత ఎక్కడ పడాలి, దాని పక్క పసుపు గీత ఎంత వెడల్పుండాలి అన్నదాంట్లో వస్తుంది. ఆకారం, నిష్పత్తి, గీత, రంగు, లయ. పుస్తకంలో ఉన్నవన్నీ ఆయన ఉలి కొసనే ఉన్నాయి.

ఒకసారి ఆయన్ని అడిగాను, "చిన్నాన్నా, ఈ గాజుకి అన్నీ లావు గీతలే వేస్తే ఇంకా బాగుంటుంది కదా?" అని. ఆయన నవ్వి, "అన్నీ లావైతే కన్ను ఎక్కడ ఆగుతాదమ్మా? ఒకటి లావుండాల, మిగతావి దానికి దారిచ్చేయాల" అన్నారు. పుస్తకంలో దీన్నే ప్రాధాన్యం అన్నారు. ఆయన ఆ పేరుతో ఎక్కడా చదువుకోలేదు. ఏళ్ల తరబడి చేసి తెలుసుకున్నారు.

రంగుల సంగతీ అంతే. పసుపుతో పసుపు, జాఫ్రా గింజలతో నారింజ, నీలిమందుతో నీలం. పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ. మధ్యలో రసాయన రంగులు వచ్చి ఈ పద్ధతి వెనకబడింది. చెట్టు రంగుల్ని మళ్లీ పట్టుకొచ్చి నిలబెట్టడానికి పాటుపడ్డారు రాజు గారు. చంటిపిల్లలు బొమ్మని ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా. నోట్లో పెట్టుకున్నా హాని లేని రంగు వెతకడం సోకు ఎలా అవుతుంది? అది ఎదుటివాళ్ల అవసరం గురించి ఆలోచించడం. నా దృష్టిలో డిజైన్ అంటే అదే.

ఇప్పుడు మన బీరువా దగ్గరికి రండి. చీరల కొట్లో మనం ఎలా మాట్లాడతామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వంకాయ రంగు, నెమలికంఠం, ఉల్లిపొర, మెంతి రంగు, కనకాంబరం, చిలకాకుపచ్చ. ఒక్క ఆకుపచ్చలో పది రకాలు మనకి తెలుసు. మగవాళ్లకి అవన్నీ ఒకటే పచ్చ! "పొట్టిదానివి, పెద్ద అంచు వద్దు, ఎత్తంతా అంచే తినేస్తుంది" అని అమ్మ అనేది. అది నిష్పత్తి. కుచ్చిళ్లు అన్నీ ఒకే వెడల్పుకి సర్దుకుంటే నిలువు గీతలు పడి మనిషి పొడుగ్గా కనిపిస్తుంది. గీత, లయ రెండూ అక్కడే ఉన్నాయి. మంగళగిరి చీర ఒళ్లంతా సాదాగా వదిలేసి అంచుకే అందం ఇస్తుంది. అది ప్రాధాన్యం. గద్వాల చీరకి ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు స్పర్శల్ని ఒక్క చీరలో కలిపారు. పొందూరు ఖద్దరు కోసం వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. అంత నున్నటి నూలు అలా వస్తుంది. పోచంపల్లిలో అయితే బట్ట నేయక ముందే దారానికి ముడులేసి రంగు అద్దుతారు. ఏ దారం మీద రంగు ఎక్కడ ఆగితే మగ్గం మీద పువ్వు ఎక్కడ పూస్తుందో ముందే లెక్క కట్టుకోవాలి. లెక్కలు వచ్చినవాళ్లకి ఇది తగని చదువంటారా? ఎంపీసీ చదివి ఇదేం పని అన్నవాళ్లు ఒక్కసారి ఆ దారాల లెక్క చూసి రండి.

ఇంత తెలిసిన మనం ఏం చేస్తున్నాం? నా తప్పే ముందు చెప్పుకుంటాను.

మా మేనకోడలి పెళ్లికి సిటీలో ఒక బొటిక్‌లో జాకెట్ కుట్టించాను. మగ్గం వర్కు. పదకొండు వేలు. వీపు నిండా నెమలి, చేతుల నిండా పూసలు, మెడ చుట్టూ జరీ, అంచుకి ముత్యాలు, వెనక తాళ్లకి గంటల్లాంటి గుత్తులు. "డిజైనర్ బ్లౌజ్ మేడమ్, ఇంకొంచెం హెవీ చేద్దామా?" అని వాళ్లడిగితే తల ఊపాను. ఒక్క రూపాయి తగ్గించమనలేదు. పెళ్లిలో చీర ఎవరికీ కనబడలేదు, నేనూ కనబడలేదు. జాకెట్టే కనబడింది. కుర్చీలో ఆనుకుంటే వీపు గుచ్చుకుంది. ఒక్కసారి కట్టి బీరువాలో పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

అదే నెలలో చిన్నాన్న దగ్గర రెండు జతల గాజులు తీసుకుని యాభై రూపాయలు తగ్గించమని పది నిమిషాలు బేరమాడాను. ఆయన చివరికి, "నీ ఇష్టమమ్మా" అన్నారు. ఆ యాభై మిగిలినందుకు ఇంటికొచ్చి గర్వంగా మావారికి చెప్పాను కూడా.

ఆలోచించండి. ఎక్కువ కుట్టినదాన్ని డిజైన్ అనుకున్నాను. ఎక్కడ ఆపాలో తెలిసినవాడి పనిని కూలి అనుకున్నాను. ఆ బొటిక్ వాళ్లు నాకు అమ్మినదాంట్లో పూసలున్నాయి, సూత్రం లేదు. అన్నీ అరుస్తుంటే వినేదేముంటుంది? ఫ్యాషన్ అంటే డబ్బున్నవాళ్ల సోకు అన్న మాట ఇలాంటి జాకెట్ల వల్లే వచ్చింది. ఆ మాటకి ఆజ్యం పోసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇక "ఒళ్లు కనబడే బట్టలేగా ఫ్యాషన్ అంటే" అనేవాళ్లున్నారు. వాళ్లకి ఒకటే అడుగుతాను. మన పంజాబీ డ్రెస్సుకి జేబు ఎందుకు లేదు? మావారి లుంగీ తప్ప ఆయన వేసుకునే ప్రతి బట్టకీ జేబుంది. నా నైటీకి లేదు. ఫోను చేత్తో పట్టుకుని గంట వెతుక్కునే బతుకు మనది. చిల్లర జాకెట్లో, తాళాలు బొడ్లో. లంగా బొందు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు చీర కట్టినవాళ్ల నడుం చూడండి, నల్లటి చార పడి ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే చోట సన్నటి తాడు కోసుకుంటూ ఉంటే ఇంకేమవుతుంది? చంటిపిల్లకి పాలివ్వడానికి వీలుగా ఉండే జాకెట్టు, చెయ్యి పైకి లేవని ముసలావిడ తనంతట తాను తొడుక్కోగలిగే జాకెట్టు, నెలసరి రోజుల్లో భయం లేకుండా బడికి వెళ్లగలిగే యూనిఫారం... ఇవి ఎవరు ఆలోచించాలి? ఎవరో ఆలోచించకపోబట్టే కదా మనం ఇలా ఉన్నాం.

పోయినేడు వేసవి సెలవుల్లో మా అమ్మాయి మా అత్తగారి పాత కుట్టు మిషన్ దులిపి కూర్చుంది. ముందు నా నడుం కొలిచింది. ఆ చార ఎక్కడుందో చూసింది. తర్వాత లంగాకి బొందు తీసేసి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేసి, పక్కకి రెండు వరసల హుక్కులు పెట్టింది, ఒళ్లు వచ్చినా తగ్గినా సర్దుకునేలా. కుడివైపు లోపలికి ఒక జేబు. మొదటిది వదులైంది, రెండోది బిగిసింది, మూడోది కుదిరింది. ప్రతిదాని కొలతలూ నోట్సులో రాసుకుంది. ఎందుకు చెడిందో కూడా రాసింది. ఇప్పుడు నేను అవే కట్టుకుంటున్నాను. నడుం మంట లేదు. మా అత్తగారు చూసి, "నాకూ నాలుగు కుట్టవే గుంటా" అన్నారు. జీవితమంతా ఇంటిల్లిపాదికీ కుట్టిన మనిషి ఆవిడ. చిరిగిన లంగాని దిండు గలీబు చేసి, ఆ గలీబు చిరిగితే వంటింటి మసిగుడ్డ చేసిన మనిషి. ఆవిడ చేసినదాన్ని ఎవరూ డిజైన్ అనలేదు. "ఊరికే కూచోలేదు" అన్నారంతే.

నా బాధంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు ఇంట్లో చేస్తే అలవాటు. పనివాళ్లు వీధిలో చేస్తే కూలి. అదే పని మీద ఇంకెవరో పేరు కుట్టి షోరూంలో పెడితే డిజైన్. పని ఒకటే, పేరు మారేసరికి వెల మారిపోతోంది. ఆ పేరు మన పిల్లలకి రావాలంటే వాళ్లు ఆ చదువు చదవాలి. తమకి తెలిసినదాన్ని తెలుసు అని చెప్పగలగాలి, కాగితం మీద గీసి చూపించగలగాలి, దానికి వెల అడగగలగాలి. మూణ్ణెల్లలో కత్తిరించడం, కుట్టడం వస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను, ఆ చేతి పని లేకపోతే ఏ డిజైనూ నిలబడదు. కానీ ఏది కత్తిరించాలి, ఎందుకు, ఎవరి ఒంటికి అన్నది నేర్చుకోడానికి నాలుగేళ్లూ చాలవు.

నిఫ్ట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1986లో మొదలైంది. హైదరాబాద్‌లో 1995 నుంచి ఉంది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా డిజైన్ కోర్సుకి పరీక్ష రాయొచ్చు. అందులో బొమ్మ గీయడం ఒక్కటే కాదు, కొన్ని వస్తువులిచ్చి వాటితో ఏదైనా తయారుచేసి చూపించమంటారు. అంటే చేతికీ బుర్రకీ కలిపి పరీక్ష. భానూ అతయ్య గారు 'గాంధీ' సినిమా దుస్తులకి 1983లో ఆస్కార్ అందుకున్నారు. మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది ఒక ఆడమనిషి, అదీ బట్టల పనికే. మన తెలుగులో 'మహానటి'కి ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాలో సావిత్రి గారి చీరలు చూసి మనమంతా "అబ్బ" అన్నాం కదా. ఆ "అబ్బ" వెనక చదువుంది.

అన్నీ బంగారమని నేననడం లేదు. ఫీజులు తక్కువేం కాదు. చదివిన అందరికీ పెద్ద ఉద్యోగాలు రావు. రంగురంగుల బోర్డులు పెట్టి లక్షలు గుంజి కాగితం చేతిలో పెట్టే చోట్లూ ఉంటాయి, అడ్మిషన్‌కి ముందు పది మందిని అడిగి వెళ్లాలి. మావారి భయమూ ఇదే. "ఇంజినీరింగైతే ఏదో ఒకటి దొరుకుతుంది" అంటారు. ఆయన భయాన్ని నేను కాదనను. తండ్రి కదా. కానీ మా చుట్టాల్లోనే ఇంజినీరింగ్ చదివి వేరే పని చేసుకుంటున్న పిల్లలు ఎంతమంది లేరు? వాళ్ల చదువుని బంతిలో కూర్చుని ఎవరూ నవ్వలేదే! నవ్వు ఆడపిల్లలు సూదీ దారం పట్టుకునే చదువుకే ఎందుకు వస్తోంది? ఎందుకంటే అది ఆడవాళ్లు ఇంట్లో ఊరికే చేసే పని అని మన లోపల ఎక్కడో ఉంది. ఊరికే చేసేదానికి విలువ ఉండదని కూడా ఉంది. పెద్దత్తగారి నవ్వులోనూ, నా నవ్వులోనూ ఉన్నది ఆ తక్కువ చూపే. మనల్ని మనమే తక్కువ చూసుకోవడం.

మా ఇళ్లలో ఆడపిల్ల పుడితే లక్కపిడతలు కొనిస్తాం. చిన్న చెంబు, చిన్న పొయ్యి, చిన్న గరిట, చిన్న తిరగలి. ఎప్పుడైనా వాటిని పక్కపక్కన పెట్టి చూశారా? చెంబు ఎంత చిన్నదైతే గరిట అంతకి తగ్గట్టు చిన్నది. ఒకదానికొకటి కొలత తప్పదు. పసిపిల్ల చేతికి మనం మొదట ఇచ్చేది నిష్పత్తి పాఠమే. కానీ వంట నేర్చుకోమని ఇస్తాం. ఇంత చక్కగా ఎలా చేశారో చూడవే అని చెప్పం.

నిన్న రాత్రి మావారు, నేను, అమ్మాయి ముగ్గురం కూర్చున్నాం. ఇంజినీరింగ్ పరీక్ష రాస్తుంది, డిజైన్ పరీక్షా రాస్తుంది, దేంట్లో వస్తే అప్పుడు మాట్లాడదాం అన్నారాయన. ఆ మాత్రానికైనా ఒప్పుకున్నందుకు సంతోషించాను. "దేంట్లో వస్తే కాదు, తనకి ఏది కావాలంటే అది" అని కూడా అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఇంకా మాట్లాడాలి మేం.

పొద్దున్న చిన్నాన్న దగ్గరికి వెళ్లి గాజులు తీసుకున్నాను, పెద్దత్తగారికి పంపడానికి. ఆయన చెప్పిన ధర ఇచ్చాను. పోయినసారి తగ్గించిన యాభై కూడా కలిపి ఇస్తే, "ఇదేటమ్మా ఎక్కువిచ్చేవు?" అన్నారు. "ఎక్కువ కాదు చిన్నాన్నా, బాకీ" అన్నాను.

ఆ గాజులతో పాటు ఈ రాసినది కూడా ఆవిడకి చదివి వినిపించమని మా తోటికోడలికి చెప్పాను. కోప్పడతారేమో. కోప్పడినా సరే, మళ్లీ ఎవరైనా మా అమ్మాయి చదువు మాటెత్తి నవ్వితే ఈసారి నేను నవ్వను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే, ఆ బంతిలో మీరూ నవ్వకండి.